మా అక్కకు బరువు తగ్గించే బేరియాట్రిక్ ఆపరేషనా, డైటూ నడకా? బెంగళూరులో ఉన్నవాళ్ళు చెప్పండి

కడప_వైట్‌ఫీల్డ్ (శుక్రవారం, రాత్రి 10.20)

అందరికీ నమస్కారం. మా అక్క గురించి రాస్తున్నాను. కొంచెం పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

అక్కకు 41 ఏళ్ళు. ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 104 కిలోలు, అంటే బీఎంఐ (ఎత్తుకు బరువు ఎంత ఎక్కువో చెప్పే అంకె) 41 దాటింది. ఎనిమిదేళ్ళుగా షుగర్ ఉంది. పోయినేడాది నుంచి మాత్రలు చాలక రాత్రి ఇన్సులిన్ కూడా పెట్టారు. అయినా హెచ్‌బీఏ1సి, అంటే మూడు నెలల సగటు షుగర్, 9.1. బీపీ మాత్ర వేరే. రాత్రుళ్ళు గురక పెడుతూ పెడుతూ ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేస్తుంది. పగలు కూర్చున్నచోటే కళ్ళు మూతలు పడతాయి. ఇల్లు కేఆర్ పురంలో, మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. మోకాళ్ళ నొప్పితో కూరగాయల బండి కోసం కూడా కిందికి దిగడం మానేసింది.

తను ప్రయత్నం చేయలేదని మాత్రం ఎవరూ అనకండి. కీటో చేసింది, అన్నం మానేసి కొర్రలు అరికలు తిన్నది, జిమ్‌కు డబ్బు కట్టి వెళ్ళింది. ప్రతిసారీ తగ్గింది, ప్రతిసారీ తిరిగొచ్చింది, పైగా ముందున్న దానికంటే రెండు కిలోలు ఎక్కువే వచ్చింది.

ఇప్పుడు షుగర్ డాక్టరుగారు సర్జన్‌ను కలవమన్నారు. ఆయన కడుపును చిన్నది చేసే ఆపరేషన్లలో స్లీవ్ గానీ బైపాస్ గానీ చేయొచ్చు అన్నారు. ఇంట్లో రెండు వారాలుగా ఇదే టెన్షన్. అమ్మ కడప నుంచి రోజూ ఫోన్ చేసి "నోరు కట్టుకుంటే పోయేదానికి కడుపు కోయించుకుంటారా" అంటోంది. బావ ఇంకో ఆరు నెలలు వాకింగ్ చేసి చూద్దామంటాడు. ఆపరేషన్ అయినవాళ్ళు, వద్దనుకుని తగ్గినవాళ్ళు, ఇద్దరి మాటా వినాలని ఉంది.

లాల్‌బాగ్_నడక (శుక్రవారం, రాత్రి 11.05)

తమ్ముడూ, నాకు 58 ఏళ్ళు. 91 కిలోల నుంచి 76కు వచ్చాను, నాలుగేళ్ళుగా అక్కడే ఉన్నాను. ఏ మందూ లేదు. చేసిందల్లా పూటకు ఒక కప్పు అన్నం, కూరకు ముందుగా కొలిచిపెట్టుకున్న నూనె, సాయంత్రం టీతో పాటు తినే మిక్చర్, బోండాలు పూర్తిగా బంద్, పొద్దున్నే లాల్‌బాగ్‌లో గంట నడక. ఒక టేబుల్ స్పూన్ నూనెలో 120 క్యాలరీలు ఉంటాయి. మన ఇళ్ళలో పోపు గిన్నెలో పడే నూనె ఎవరైనా కొలుస్తారా? మారతహళ్ళి మెస్సుల్లో కందిపొడి మీద ధారగా పోసే నెయ్యి సంగతి సరేసరి.

నా బాధ ఒకటే. జబ్బు చేసిన అవయవాన్ని తీసేస్తే అర్థముంది. బాగున్న జీర్ణకోశాన్ని ముక్కాలు భాగం కోసి పారేస్తే మళ్ళీ అతికించలేరు. ఈ రోజుల్లో ఆస్పత్రుల హోర్డింగులు ఔటర్ రింగ్ రోడ్డంతా ఉన్నాయి. అక్కకు మంచి డైటీషియన్‌ను పెట్టి, ఏడాది టైమ్ ఇవ్వండి.

నెల్లూరమ్మాయి_బీటీఎం (శుక్రవారం, రాత్రి 11.40)

నేను స్లీవ్ చేయించుకుని మూడేళ్ళయింది. రేపు తీరిగ్గా రాస్తాను. ఈలోపు ఒక్క మాట: అక్కకు నిద్ర పరీక్ష చేయించారా? మీరు రాసిన గురక లక్షణాలు చూస్తే డైటా ఆపరేషనా అనే దానికంటే అది ముందు తేలాలి.

డాక్టర్_జయనగర్ (శనివారం, ఉదయం 7.15)

నేను జనరల్ మెడిసిన్. సర్జన్‌ను కాను కాబట్టి ఆపరేషన్ అమ్ముకోవాల్సిన అవసరం నాకు లేదు.

లాల్‌బాగ్ పెద్దాయనగారూ, మీరు చేసింది చాలా మంచి పని, నాలుగేళ్ళు నిలబెట్టడం ఇంకా గొప్ప. కానీ మీరు మొదలైనప్పుడు మీ బీఎంఐ 30 చుట్టుపక్కల ఉండి ఉంటుంది. ఈవిడది 41, ఇన్సులిన్ మీద ఉన్నారు. ఈ రెండూ ఒకే జబ్బు కాదు.

బరువు తగ్గినప్పుడల్లా శరీరం ఎదురు తిరుగుతుంది. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ పెరుగుతుంది, చాలు అని చెప్పే లెప్టిన్ పడిపోతుంది, విశ్రాంతిగా కూర్చున్నప్పుడు ఖర్చయ్యే శక్తి కూడా తగ్గుతుంది. అందుకే కీటో ఆపగానే అక్కగారి బరువు తిరిగొచ్చింది. అది ఆవిడ క్రమశిక్షణ మీద తీర్పు కాదని దయచేసి మీ అమ్మగారికి చెప్పండి.

స్లీవ్‌లో జీర్ణకోశంలో దాదాపు 75 నుంచి 80 శాతం తీసేస్తారు. గ్రెలిన్ ఎక్కువగా తయారయ్యే పైభాగం అందులో పోతుంది కాబట్టి ఆకలే తగ్గుతుంది. బైపాస్‌లో పైన చిన్న సంచి మిగిల్చి దాన్ని చిన్నపేగుకు నేరుగా కలుపుతారు. తిన్నది త్వరగా కిందికి చేరి ఆకలినీ షుగర్‌నూ తగ్గించే జీఎల్‌పీ-1 లాంటి హార్మోన్లు పెరుగుతాయి. చాలామందిలో బరువు పెద్దగా తగ్గకముందే, రోజుల్లోనే షుగర్ దిగుతుంది.

ఇక లెక్కలు. అమెరికాలో లుక్ అహెడ్ అనే అధ్యయనం 5,145 మంది షుగర్ రోగులతో జరిగింది. సగం మందికి డైటీషియన్లు, వ్యాయామం, తరచూ మీటింగులు, మామూలు మనిషికి దొరకనంత సాయం ఇచ్చారు. ఏడాదికి సగటున 8.6 శాతం బరువు తగ్గారు. పదేళ్ళకు దగ్గరపడేసరికి నిలిచింది 6 శాతం. మీ అక్కగారికి అది ఆరు కిలోల చిల్లర. వాళ్ళకు మందులు తగ్గాయి, గురక జబ్బు మెరుగైంది, నడక సులువైంది. ఆ ఆరు కిలోలను నేను చిన్నచూపు చూడను. కానీ 104 కిలోల మనిషికి అది చాలదు.

స్వీడన్‌లో 1987లో మొదలుపెట్టి నాలుగు వేలమందిని ఏళ్ళ తరబడి గమనించారు. ఆపరేషన్ అయినవాళ్ళు పదేళ్ళకు సగటున 16 శాతం తక్కువలో ఉన్నారు, కానివాళ్ళు ఉన్నచోటే ఉన్నారు. మరణాలు కూడా ఆపరేషన్ అయినవాళ్ళలో తక్కువ. అప్పట్లో చేసినవి పాత రకాలు. ఇప్పటి స్లీవ్, బైపాస్‌లతో మొదటి ఏడాది రెండేళ్ళలో 25 నుంచి 30 శాతం తగ్గడం మామూలే. అంటే ఆవిడకు 26 నుంచి 31 కిలోలు. ఆ తర్వాత కొంత తిరిగొస్తుంది, అది ముందే తెలుసుకుని ఉండాలి.

షుగర్ పూర్తిగా పోతుందని ఎవరైనా హామీ ఇస్తే నమ్మొద్దు. అదే స్వీడన్ అధ్యయనంలో షుగర్ ఉన్నవాళ్ళలో రెండేళ్ళకు 72 శాతం మందికి అదుపులోకొచ్చి మందులు ఆగాయి, పదిహేనేళ్ళకు అలా మిగిలింది 30 శాతమే. ఎనిమిదేళ్ళ షుగర్, పైగా ఇన్సులిన్ కాబట్టి ఈవిడకు పూర్తిగా ఆగే అవకాశం కొత్తగా వచ్చినవాళ్ళకంటే తక్కువ. కానీ మోతాదు బాగా తగ్గుతుంది, కళ్ళకూ కిడ్నీలకూ జరిగే నష్టం తగ్గుతుంది.

లాల్‌బాగ్_నడక (శనివారం, ఉదయం 9.30)

డాక్టరుగారూ, శ్రద్ధగా చదివాను. కానీ ఇంగ్లండ్‌లో డైట్‌తోనే షుగర్ పోగొట్టారని విన్నాను. దాని సంగతేమిటి?

డాక్టర్_జయనగర్ (శనివారం, ఉదయం 10.10)

నిజమే, ఇంగ్లండ్, స్కాట్లండ్‌లలో జరిగిన డైరెక్ట్ అనే ట్రయల్. 306 మంది. వాళ్ళలో సగం మందికి మూడు నుంచి అయిదు నెలలు రోజుకు సుమారు 850 క్యాలరీల సూపులు, షేకులు మాత్రమే. ఆ సగంలో ఏడాదికి 46 శాతం మందికి మందులు లేకుండా షుగర్ అదుపులోకి వచ్చింది, పదిహేను కిలోలకు పైగా తగ్గినవాళ్ళలోనైతే 86 శాతం. నా పేషెంట్లలో షుగర్ కొత్తగా వచ్చినవాళ్ళకు నేను చెప్పేది ఇదే. అయితే అందులో షుగర్ వచ్చి ఆరేళ్ళు దాటనివాళ్ళను, ఇన్సులిన్ లేనివాళ్ళను మాత్రమే తీసుకున్నారు. అక్కగారు ఆ గీత దాటేశారు.

మన చెన్నైలో చేసినదీ చెప్పాలి. 2006లో వెలువడిన ఇండియన్ డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్‌లో, షుగర్ రాబోయే దశలో ఉన్నవాళ్ళకు ఆహారం, నడక నేర్పిస్తే మూడేళ్ళలో షుగర్ వచ్చే ప్రమాదం 28.5 శాతం తగ్గింది. బరువు పెద్దగా తగ్గకపోయినా ఆ ఫలితం వచ్చింది. నడకను కిలోలతో మాత్రమే కొలవొద్దని అందుకే అంటాను. ఈ చర్చ చదువుతున్నవాళ్ళలో బీఎంఐ 27, 28 ఉండి షుగర్ ఇంకా రానివాళ్ళు ఉంటే, మీకు లాల్‌బాగ్ పెద్దాయన దారే సరైనది. ఈ రోజే మొదలుపెట్టండి.

నెల్లూరమ్మాయి_బీటీఎం (శనివారం, మధ్యాహ్నం 2.45)

నా మాట ప్రకారం రాస్తున్నాను. 118 కిలోలతో వెళ్ళాను. బాగా తగ్గినప్పుడు 76, ఇప్పుడు 82. మళ్ళీ ఆ రోజుకు వెళ్తే మళ్ళీ చేయించుకుంటాను. కానీ ఎవరూ చెప్పని సంగతులు కొన్ని ఉన్నాయి.

ఆపరేషన్‌కు ముందు రెండు వారాలు దాదాపు ద్రవాహారమే. కాలేయంలో కొవ్వు తగ్గి కుంచించుకుంటే సర్జన్‌కు పని చేయడానికి చోటు దొరుకుతుంది. నాకు అన్నింటికంటే కష్టమనిపించింది ఈ రెండు వారాలే, ఎందుకంటే అప్పటికింకా ఆకలి పోలేదు. ఆపరేషన్ కీహోల్ పద్ధతిలో చేశారు, సాయంత్రానికే లేపి నడిపించారు. రక్తం గడ్డకట్టకుండా నడక తప్పనిసరి. మొదట నీళ్ళు కూడా చెంచాడు చెంచాడు చప్పరించాలి. తర్వాత పలచని మజ్జిగ, పప్పు కట్టు, ఆ తర్వాత మెత్తగా మిక్సీ పట్టినవి, ఆ తర్వాత మెత్తటి ఇడ్లీ, గుడ్డు. గబుక్కున మింగితే ముద్ద ఛాతీలో ఆగి, చెమటలు పట్టి, అంతా బయటికి వచ్చేస్తుంది. తినేటప్పుడు నీళ్ళు తాగకూడదు, తిన్నాక అరగంట ఆగాలి. మనకు అన్నంతో పాటు నీళ్ళ గ్లాసు లేకపోతే తోచదు కదా, అది మానడానికి చాలా తంటాలు పడ్డాను.

నాలుగో నెలలో జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడింది. ఏడ్చాను. ఏడాది తిరిగేసరికి మళ్ళీ వచ్చింది. చేతుల కింద, పొట్ట దగ్గర చర్మం వేలాడుతుంది, అది వ్యాయామంతో పోదు. రాత్రుళ్ళు పులితేన్పులు, ఛాతీలో మంట మొదలైంది, ఇప్పటికీ మాత్ర వేసుకుంటున్నాను. స్లీవ్‌లో ఇది తరచుగా కనిపించేదే. అక్కకు ముందే ఎసిడిటీ ఉంటే ఆ మాట సర్జన్‌కు తప్పక చెప్పండి.

బిస్కెట్లు, చాక్లెట్, ఐస్‌క్రీమ్ మాత్రం ఏ అడ్డూ లేకుండా దిగిపోతాయి. కోడికూర ఆగుతుంది, మైసూర్‌పాక్ ఆగదు. మళ్ళీ బరువు పెరిగేది అక్కడే.

ఇక దక్కింది చెప్పాలి. ఆకలి. జీవితంలో మొదటిసారి కంచం ముందు నుంచి లేచి, ఇంకా కావాలని మనసు పీకకుండా ఉండగలిగాను. ఎప్పుడూ లావుగా లేనివాళ్ళకు ఇది ఎలా చెప్పాలో తెలియదు. రోజంతా తిండి గురించి ఆలోచించకుండా ఉండటం ఇంత హాయిగా ఉంటుందని నాకూ తెలియదు.

ఎలక్ట్రానిక్‌సిటీ_ఒంగోలు (శనివారం, సాయంత్రం 5.10)

ఇంతకీ బరువు తగ్గించే ఇంజెక్షన్ల మాట ఎవరూ ఎత్తలేదేం? మా ఆఫీసులో ఇద్దరు మౌంజారో వాడుతున్నారు, బాగానే తగ్గారు. కత్తి లేకుండా అయిపోతుంది కదా.

డాక్టర్_జయనగర్ (శనివారం, సాయంత్రం 6.30)

మంచి ప్రశ్న. మౌంజారో 2025 మార్చిలో, అలాంటిదే ఇంకో ఇంజెక్షన్ వెగోవీ అదే ఏడాది జూన్‌లో మన దేశంలోకి వచ్చాయి. మౌంజారోలోని మందు అత్యధిక మోతాదులో 72 వారాలకు సగటున 21 శాతం దాకా, వెగోవీది 68 వారాలకు 15 శాతం దాకా బరువు తగ్గించాయి. అవి షుగర్ లేనివాళ్ళలో వచ్చిన అంకెలు, షుగర్ ఉన్నవాళ్ళలో తగ్గుదల ఇంకా తక్కువ. పైగా వెగోవీ మందు ఆపి చూస్తే ఏడాదిలో తగ్గిన దాంట్లో మూడింట రెండు వంతులు తిరిగొచ్చింది. కాబట్టి ఇది దీర్ఘకాలం వాడాల్సిన మందు, నెలనెలా వేలల్లో ఖర్చు. బీఎంఐ 32, 33 దగ్గర నేను మొదట ఇదే ఆలోచిస్తాను. అక్కగారి విషయంలో కూడా సర్జరీకి ముందు కొన్ని నెలలు వాడటం ఒక మార్గం. షుగర్ డాక్టరుగారిని అడగండి.

చిత్తూరు_హోరమావు (శనివారం, రాత్రి 9.50)

అన్నా, నా మాట కూడా వినండి. మా ఆవిడకు బైపాస్ అయింది. ఆపరేషన్ బాగానే జరిగింది. బిల్లు కట్టి బయటికొచ్చాక ఆ ఆస్పత్రి నుంచి ఒక్క ఫోన్ లేదు. చీటీలో నెల రోజులకు విటమిన్లు రాశారు, అవి అయిపోయాయి, ఇంతే కాబోలు అనుకున్నాం. రెండో నెలలో వాంతులు ఆగలేదు. కాళ్ళు తిమ్మిరెక్కి, నడుస్తుంటే తూలి పడబోయేది. ఆ ఆస్పత్రికి ఫోన్ చేస్తే గ్యాస్ మాత్ర వేయమన్నారు. వేరే చోటికి తీసుకెళ్తే అక్కడి డాక్టరమ్మ చూడగానే చేర్చుకుని థయమిన్, అంటే బీ1, ఇంజెక్షన్లు మొదలుపెట్టింది. బీ12 కూడా అట్టడుగున ఉంది. ఇంకొన్ని రోజులు ఆలస్యమైతే మెదడుకు దెబ్బ తగిలేదని చెప్పింది. ఇప్పుడు తను బాగుంది, షుగర్ మాత్రలు లేవు, 30 కిలోలు తగ్గింది. కానీ ఆ నెల తలచుకుంటే ఇప్పటికీ నాకు చేతులు వణుకుతాయి.

కాబట్టి సర్జన్ ఎన్ని ఆపరేషన్లు చేశాడని మాత్రమే అడక్కండి. తర్వాత ఎవరు చూస్తారు, రాత్రి వాంతులైతే ఏ నంబరుకు చేయాలి, ఆ నంబరు ఎత్తేది ఎవరు, ఇవి రాతపూర్వకంగా తీసుకోండి. ఐరన్, బీ12, డి విటమిన్, కాల్షియం బతికున్నంత కాలం వేసుకోవాలి. ఏటా రక్తపరీక్ష చేయించాలి. నొప్పి మాత్రలు ఇష్టమొచ్చినట్టు మింగకూడదు, బైపాస్ తర్వాత అల్సర్లు వస్తాయి. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకు ఇది మరీ ముఖ్యం.

డాక్టర్_జయనగర్ (శనివారం, రాత్రి 10.25)

చిత్తూరు తమ్ముడు రాసింది ఆపరేషన్ ఆలోచనలో ఉన్న ప్రతి ఒక్కరూ చదవాలి. ఆగని వాంతులు ఎప్పుడూ ఎమర్జెన్సీయే. దీనికి తోడు కుట్ల దగ్గర లీకు, రక్తస్రావం, కాళ్ళలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకు చేరడం, ఇవి అరుదైనా ఉన్నాయి. త్వరగా బరువు తగ్గడం వల్ల పిత్తాశయంలో రాళ్ళు రావచ్చు. అనుభవమున్న చోట నెల లోపు ప్రాణాపాయం వెయ్యిలో ఒకరి నుంచి ముగ్గురి దాకా, పిత్తాశయం తీసే ఆపరేషన్‌తో దాదాపు సమానం. ఏమీ చేయకుండా ఇదే షుగర్‌తో, ఇదే గురకతో ఇంకో పదేళ్ళు గడపడంలో ఉన్న ప్రమాదాన్ని కూడా పక్కన పెట్టి చూడాలి. ఇంట్లో ఆ లెక్క ఎవరూ వేయరు.

పాలసీ_ప్రొద్దుటూరు (ఆదివారం, ఉదయం 8.00)

ఇన్సూరెన్స్ గురించి నాకు తెలిసింది. ఇన్సూరెన్స్ కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ నిబంధన ప్రకారం స్థూలకాయం సర్జరీకి పాలసీ వర్తించాలంటే వయసు 18 దాటాలి, డాక్టరు సలహా ఉండాలి, బీఎంఐ 40 లేదా ఆపైన ఉండాలి. 35 లేదా ఆపైన అయితే దాంతో పాటు అదుపులో లేని టైప్ 2 షుగర్, తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగే జబ్బు), గుండెజబ్బు లాంటిది ఒకటుండాలి. తక్కువ తీవ్రత పద్ధతులు ప్రయత్నించి ఫలించలేదన్న ఆధారం కూడా అడుగుతారు. కాబట్టి జిమ్ రసీదులు, డైటీషియన్ చీటీలు, పాత బరువులు రాసిన ప్రిస్క్రిప్షన్లు ఏవీ పారేయొద్దు. వెయిటింగ్ పీరియడ్ పాలసీని బట్టి మారుతుంది. బావగారి కంపెనీ గ్రూప్ పాలసీ అయితే హెచ్‌ఆర్‌ను అడిగి రాతలో తీసుకోండి. బెంగళూరులో ప్రైవేటు ఆస్పత్రిలో మూడు నుంచి అయిదు లక్షలవుతుంది కాబట్టి ఈ పని ముందే చేసుకోవాలి.

డైటీషియన్_కోరమంగళ (ఆదివారం, ఉదయం 11.15)

సిరిధాన్యాల మాట చూసి రాస్తున్నాను. కొర్రలైనా బియ్యమైనా వంద గ్రాములకు క్యాలరీలు ఇంచుమించు ఒకటే. పీచు ఎక్కువ కాబట్టి మేలే, కానీ గిన్నె నిండా తింటే బరువు తగ్గదు, షుగరూ ఆగదు. రాగి సంగటి కూడా అంతే. రాగుల్లో కాల్షియం బాగా ఉంటుంది, ముద్ద సైజు చూసుకోవాలి.

మీ రాయలసీమ ఇళ్ళలో నాకు కనిపించే అసలు లోటు ప్రొటీన్. పొద్దున ఉగ్గాని బజ్జీ, మధ్యాహ్నం అన్నంలో పలచని చారు, రాత్రి మళ్ళీ అన్నం. ఆపరేషన్ తర్వాత రోజుకు 60 గ్రాములకు తగ్గకుండా ప్రొటీన్ కావాలి, లేకపోతే కొవ్వుతో పాటు కండ కూడా కరిగిపోతుంది. రెండు గుడ్లలో 12 గ్రాములు, వంద గ్రాముల వండిన చికెన్‌లో 25కు పైన, వంద గ్రాముల పనీర్‌లో 18 చుట్టూ, ఒక గ్లాసు పెరుగులో ఏడు. కప్పు గట్టి పప్పుతో ఎనిమిదో పదో వస్తాయి. కడుపు చిన్నదైపోయాక ఇంత లోపలికి పోవడం కష్టం కాబట్టి మొదట పౌడర్ తప్పదు. ఏ దారి ఎంచుకున్నా కంచంలో ముందు గుడ్డో పప్పో చికెనో తిని, తర్వాత కూర, చివరికి అన్నం తినడం ఇప్పటి నుంచే అలవాటు చేసుకోమనండి.

నెల్లూరమ్మాయి_బీటీఎం (ఆదివారం, మధ్యాహ్నం 12.30)

కడప తమ్ముడూ, అక్కకు ఈ చర్చ చూపించావా?

కడప_వైట్‌ఫీల్డ్ (ఆదివారం, మధ్యాహ్నం 1.05)

సాయంత్రం వాళ్ళింటికి వెళ్తున్నాను. అంతా చదివి వినిపిస్తాను.

కేఆర్‌పురం_అక్క (ఆదివారం, రాత్రి 11.20)

నేనే ఆ అక్కను. తమ్ముడు వినిపించడం మొదలుపెట్టాడు, నేను ఫోన్ తీసుకుని మొదటి నుంచీ చదువుకున్నాను. ముందుగా అందరికీ నా నమస్కారాలు. ముక్కూ మొహం తెలియని మనిషి కోసం ఇంత రాశారు.

రెండు వారాలుగా ఇంట్లో నా కడుపు గురించి అందరూ మాట్లాడుతున్నారు. నాకేం కావాలో చెప్తాను. మా చిన్నది ఆరో తరగతి. స్కూల్లో పేరెంట్స్ మీటింగ్‌కు నాన్నను పంపమంటుంది. సిగ్గుపడి కాదు, అక్కడి ప్లాస్టిక్ కుర్చీలో నేను ఇబ్బంది పడటం దానికి చూడబుద్ధి కాదు. అది నాతో ఎప్పుడూ అనలేదు, నాకు తెలుసు. నేను ఆ మెట్లు దిగి, దానితో నడిచి, ఆ స్కూలుకు వెళ్ళాలి. రాత్రి ఊపిరి ఆగి లేచినప్పుడల్లా పక్కన పిల్లల్ని చూసుకుంటాను. నా భయం కత్తి గురించి కాదు, చిత్తూరు తమ్ముడు చెప్పినట్టు తర్వాత పట్టించుకునేవాళ్ళు లేకపోతే ఏమవుతుందని.

ఇంకొకటి. పెళ్ళికి పోతే విస్తట్లో రెండో గరిటె అన్నం పడగానే అందరి కళ్ళూ నా మీదే ఉంటాయి. అమ్మా, నువ్వు ఇది చదవవు గానీ తమ్ముడు చెప్తాడు: తిట్టడం వల్ల నేను ఒక్క కిలో కూడా తగ్గలేదు. తిట్టిన రోజు రాత్రి అందరూ పడుకున్నాక వంటింట్లోకి వెళ్ళి ఇంకా ఎక్కువ తిన్నాను.

నా ప్రశ్నలు. నాకు ఎసిడిటీ చాలా ఏళ్ళుగా ఉంది, వారానికి మూడు నాలుగు రోజులు మాత్ర వేసుకుంటాను. మరి నాకు స్లీవా, బైపాసా? శనివారాలు ఒక్కపొద్దు ఉంటాను, కార్తీక సోమవారాలు కూడా. అవి మానాలా? నలుగురికి వంట చేసేది నేనే. ఆపరేషన్ అయ్యాక ఎన్నాళ్ళకు పొయ్యి దగ్గరికి పోవచ్చు?

డాక్టర్_జయనగర్ (సోమవారం, ఉదయం 6.50)

అమ్మా, మీరు స్వయంగా రాసినందుకు చాలా సంతోషం. ఎసిడిటీ ఉంది, షుగర్ పాతది కాబట్టి చాలామంది సర్జన్లు బైపాస్ వైపే మొగ్గుతారు. స్లీవ్‌తో మంట పెరగవచ్చు. ఎండోస్కోపీ చేసి అన్నవాహిక ఎలా ఉందో చూశాకే తేలుస్తారు. ఆ పరీక్ష లేకుండా ఎవరైనా తేదీ ఇస్తే వేరే చోటికి వెళ్ళండి. నిద్ర పరీక్షలో ఆప్నియా తేలితే ఆపరేషన్‌కు ముందే, నిద్రలో మాస్కు ద్వారా గాలి అందించే సీప్యాప్ మెషిన్ మొదలుపెడతారు. మత్తు ఇచ్చేవాళ్ళకు అది చాలా అవసరం, మీకూ పగటి నిద్రమత్తు వదులుతుంది.

ఒక్కపొద్దులు మొదటి ఏడాది వద్దు. నీళ్ళు, ప్రొటీన్, మాత్రలు ఒక్క రోజు తప్పినా కష్టం. తర్వాత మీ డాక్టరును అడిగి చూసుకోవచ్చు. ద్రవాహారం మొదలైన రోజు నుంచే ఇన్సులిన్ మోతాదు తగ్గించాల్సి రావచ్చు. సొంతంగా మార్చకండి, అలాగని పాత మోతాదే వేసుకుంటూ పోకండి, షుగర్ పడిపోతుంది. ముందే అడిగి రాసుకోండి.

నెల్లూరమ్మాయి_బీటీఎం (సోమవారం, ఉదయం 9.40)

అక్కా, మీరు రాసింది చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. వంట సంగతి నేను చెప్తాను. రెండు వారాలకు లేచి తిరుగుతారు, కానీ నెల రోజులు వంట ఇంకొకరు చేయాల్సిందే. పోపు వాసన వస్తేనే నాకు తిప్పేసేది. బరువైన కుక్కర్లు, బిందెలు ఎత్తకూడదు. బావగారికి ఈ నెలలోనే పప్పు, చారు, చపాతీ నేర్పించండి. మీకు కావాలంటే ఆపరేషన్‌కు ముందు మా ఇంటికి రండి, నా కంచం, నా మాత్రల డబ్బా, నా రక్తపరీక్షల ఫైలు అన్నీ చూపిస్తాను.

లాల్‌బాగ్_నడక (సోమవారం, ఉదయం 10.15)

అమ్మాయ్, నేను మొదట ఏడాది ఆగమన్నాను. నీ షుగర్, నీ నిద్ర గురించి డాక్టరుగారు చెప్పింది విన్నాక, నీకు ఏడాది ఆగమని చెప్పలేను. అయినా నడక మాత్రం విడిచిపెట్టకు. మోకాళ్ళు నొప్పి అంటున్నావు కాబట్టి మెట్లతో మొదలుపెట్టొద్దు, ఇంటి ముందు వరండాలోనే అయిదు నిమిషాలు, రోజుకు నాలుగైదు సార్లు. కుర్చీలో కూర్చుని లేవడం కూడా మంచి వ్యాయామం, తొడలకు బలం వస్తుంది. ఆపరేషన్ తర్వాత కండ పోకుండా కాపాడేది ఇదే.

కడప_వైట్‌ఫీల్డ్ (మంగళవారం, రాత్రి 9.30)

అమ్మకు అక్క రాసింది చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఆపరేషన్ ఎప్పుడో చెప్పు, నెల ముందే వస్తా" అంది. బావ కంపెనీ పాలసీ కాగితాలు తెప్పించాడు, పాలసీ_ప్రొద్దుటూరు అన్న చెప్పిన షరతులే ఉన్నాయి. జిమ్ రసీదులు రెండు దొరికాయి, డైటీషియన్ చీటీల కోసం వెతుకుతున్నాం.

కేఆర్‌పురం_అక్క (శుక్రవారం, రాత్రి 8.45)

నిద్ర పరీక్ష వచ్చే బుధవారం, ఎండోస్కోపీ ఆ మరుసటి వారం. ఇవాళ సర్జన్‌ను మళ్ళీ కలిశాం. చిత్తూరు తమ్ముడి ప్రశ్నలన్నీ కాగితం మీద రాసుకుని వెళ్ళి ఒక్కొక్కటే అడిగాను. ఆయన విసుక్కోలేదు. రెండేళ్ళ ఫాలోఅప్ ఎవరు చేస్తారో, రాత్రి ఏ నంబరుకు చేయాలో రాసిచ్చారు. ఇంకో సర్జన్ అభిప్రాయం కూడా తీసుకుని, రిపోర్టులన్నీ వచ్చాక నిర్ణయిస్తాను. నా మనసు మాత్రం ఆపరేషన్ వైపే ఉంది. పెద్దాయనగారూ, వరండా నడక మొదలైంది.

డైటీషియన్‌గారూ, ఆ రెండు వారాల ద్రవాహారంలో ఇంట్లో చేసిన పప్పు కట్టు తాగొచ్చా, లేక ఆస్పత్రివాళ్ళ పౌడరే తాగాలా?

డైటీషియన్_కోరమంగళ (శుక్రవారం, రాత్రి 9.20)

తాగొచ్చండి, పోపు, నూనె లేకుండా, వడగట్టి. కానీ కట్టులో ప్రొటీన్ తక్కువ, కాబట్టి పౌడర్ బదులుగా కాదు, దానికి తోడుగా. ఎన్నిసార్లు, ఎంత అనేది మీ ఆస్పత్రి డైటీషియన్ ఇచ్చే చార్టు ప్రకారమే పెట్టుకోండి. ఇన్సులిన్ ఉంది కాబట్టి రోజుకు నాలుగుసార్లు షుగర్ చూసుకుని ఒక పుస్తకంలో రాయండి, వాళ్ళకు అదే కావాలి.